ఆరడుగుల దూరం

మధ్యాహ్నం ఒంటిగంటకి హాల్లో ఫోన్ మోగింది. పెళ్ళయిన ఈ నలభై రోజుల్లో ఆ టైముకి మోగితే అది ఇబ్రహీంపట్నం ఆఫీసు నుంచి అఖిలేషే.

"సత్యా, మా మేనేజరుగారు కొత్త సెల్ కొనుక్కుని పాతది నాకిచ్చేశారు. అది నీకే. ఇన్‌కమింగ్ ఎలాగూ ఫ్రీ. రేపట్నించీ గదిలో కూర్చుని ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు."

సత్యశ్రీకి గంతెయ్యాలనిపించింది. "ఊఁ" అంది.

అంతకంటే అనడానికి లేదు. ఫోన్ పక్కనే పడక్కుర్చీలో మావగారు శ్రీరామచంద్రమూర్తి, రిటైరైన సైన్సు మాస్టారు, పేపరు మడిచి మరీ వింటున్నారు. ఆ పక్కన అత్తగారు రమాసుందరి, కుడి చెవి మిషన్ సర్దుకుంటూ, "ఏవంటున్నాడు? వంకాయ బావుందిటా?" అని వీధి చివరికి వినబడేలా అడుగుతున్నారు.

"బావుందిటండీ" అంది సత్యశ్రీ. నలభై రోజులుగా కొత్త దంపతుల సరసం వంకాయ దాటలేదు.

సాయంత్రం సెల్ వచ్చింది. నల్లగా, బొద్దుగా, నెత్తి మీద చిన్న కొమ్ముతో. సత్యశ్రీ దాన్ని చీర కొంగుతో తుడిచి, చెంపకి ఆనించి చూసుకుంది. చల్లగా ఉంది. అప్పుడే ముద్దొచ్చేసింది.

మాస్టారు మాత్రం సెల్లు డబ్బాలోంచి పుస్తకం తీశారు. ఎనభై పేజీలు. కళ్ళజోడు తగిలించి మొదలుపెట్టారు.

"గుండె దగ్గర జేబులో పెట్టరాదు. పెట్రోలు బంకులో మాట్లాడరాదు. బండి నడుపుతూ మాట్లాడరాదు." ఆగారు. "చెవి మిషన్ వాడేవారికి శబ్దం రావచ్చును. దూరంగా ఉంచవలెను."

అందరూ రమాసుందరి వైపు చూశారు. అంతవరకూ కాఫీ తాగుతున్న ఆవిడ కప్పు కింద పెట్టి, చెవి మీద చెయ్యేసుకున్నారు.

"అదీ సంగతి. ఇందాకట్నించీ గుయ్యిమంటోంటే మిషనే పాడైందనుకున్నా."

"నాన్నగారూ, అసలు ఆ ఫోన్లో..." అన్నాడు అఖిలేష్.

"నువ్వాగు. పుస్తకం పూర్తయ్యేదాకా దాని మీద ఒక్క మీట కూడా ఎవరూ నొక్కరాదు."

సెల్లుని తువ్వాల్లో చుట్టి, బీరువా మీదకెక్కించారు.

రెండోరోజుకి గుయ్యిమనడం గణగణ అయింది. మూడోరోజు పై వాటా ఛాయాదేవిగారు మెట్ల మీదనుంచే పలకరించారు.

"మీ ఇంట్లోకి సెల్ వచ్చిందిటగా మాస్టారూ. అదే అనుకున్నా. మా టీవీలో మనుషులకి రెండేసి ముక్కులొస్తున్నాయి. నా ఎడమ కణత లాగేస్తోంది. పొద్దున కందిపప్పు ఎంతకీ ఉడకలేదండీ."

మాస్టారు ముక్కులూ, కణతా, కందిపప్పూ తారీకు వేసి నోటుపుస్తకంలో రాసుకున్నారు.

రమాసుందరి తేల్చేశారు. "ఇచ్చినాయనకే తిరిగిచ్చెయ్ రా. నాకు చెవి ముఖ్యం."

"అమ్మా, అది మోగడానికి..."

"మోగుతోందనేగా చెప్తున్నా."

సత్యశ్రీకి గుండె జారింది. ఇక జీవితమంతా వంకాయ, దొండకాయేనా? ఆ రాత్రి దిండు మీద మొగుడికి వీపు తిప్పి ఆలోచించింది. అతను ఏదో చెప్పబోతే, "మీరుండండి, మీకేం తెలీదు" అంది. ఆమె బీయస్సీ. ఫిజిక్సులో ఫస్టుక్లాసు.

ఆదివారం కాఫీలవగానే మావగారి ముందు నిలబడింది.

"మావయ్యగారూ, పుస్తకంలో దూరంగా ఉంచమన్నాడు కానీ తిరిగిచ్చెయ్యమనలేదు కదండీ. ఎంత దూరమో ప్రయోగం చేసి కొలుద్దామా?"

మాస్టారి కళ్ళు మెరిశాయి. రిటైరై ఆరేళ్ళయింది, ప్రయోగం అనే మాట విని.

రమాసుందరిని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టారు. మాస్టారు ఒక చేత్తో టేపూ, ఇంకో చేత్తో సుద్దముక్కా పట్టుకున్నారు. సత్యశ్రీ సెల్లుని రెండు చేతులా పట్టుకుని, ఒక్కో అడుగే తమ పడగ్గది వైపు వెనక్కి నడిచింది.

"రెండడుగులు. ఉందా?"

"ఉంది. తుమ్మెదలా."

"నాలుగు?"

"దోమలా."

"అయిదు?"

"ఉండండి... దోమే. దూరం దోమ."

"ఆరు?"

రమాసుందరి కళ్ళు మూసుకున్నారు. సత్యశ్రీ ఊపిరి బిగబట్టింది. ఆమె మడమ పడగ్గది గడపకి తగులుతోంది.

"పోయింది. హాయిగా ఉంది" అన్నారు రమాసుందరి. "ప్రాణం లేచొచ్చింది."

మెట్ల మీదనుంచి ఛాయాదేవిగారు, తన కణత కూడా వదిలేసిందని చెప్పారు.

మాస్టారు గడప దగ్గర సుద్దముక్కతో గీత గీశారు. "సెల్లు ఈ గీత దాటి ఇవతలికి రాకూడదు. ఎవరు మాట్లాడాలన్నా ఆ గదిలోనే. తలుపు వేసుకుని."

"అలాగే మావయ్యగారూ" అంది సత్యశ్రీ, వీలైనంత దిగులుగా. లోపలికి వెళ్ళి, దిండు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మాస్టారు కొడుకు వైపు తిరిగారు. "చూశావట్రా. జాగ్రత్త తెలిసి వాడితే ఏ యంత్రమూ ఎవర్నీ ఏమీ చెయ్యదు. పుస్తకం కూడా పూర్తయింది. నాలుగు రోజులుగా ఏదో నసుగుతున్నావు, ఇప్పుడు చెప్పు."

అఖిలేష్ గొంతు సవరించుకున్నాడు.

"ఏం లేదు నాన్నగారూ, మేనేజరుగారు లోపలివి తీసేసుకుని ఇచ్చారు, రేపు సాయంత్రం బీసెంట్ రోడ్డుకెళ్ళి దీంట్లోకి ఒక బాటరీ, ఒక సిమ్ కార్డూ కొనుక్కొస్తాను."