అమ్మకన్నా ఎత్తు

పుట్టింటి అరుగు మీద పడుకోబెట్టిన తండ్రి శవానికి మొక్కబోయిన సుక్రెనిని తల్లే చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు, జెరో. రాజుగారింటి కోడళ్లు మాబోటి వాళ్ల శవాలకు మొక్కకూడదు. కుర్చీలో కూర్చోండి."

"జెరో ఏంటమ్మా? నేను నీ సుక్రెనిని. మా నాన్నకి మొక్కకూడదా?"

"పెద్దకులానికి కోడలైనవాళ్లని జెరో అనే పిలవాలి. పెళ్లితో పేరూ మారింది, కులమూ మారింది. ఊరంతా చూస్తోంది. మా పరువు తీయకండి."

"పెద్దకులమా! అక్కడ నేనెక్కడ కూర్చుంటానో తెలుసా? అందరికన్నా కింది మెట్టు మీద. వాళ్ల రక్తం కాబట్టి నా కన్నకొడుకు కూడా నాకన్నా పై మెట్టే!"

తల్లి వినిపించుకోనట్టు కొంగుతో కుర్చీ తుడిచి, అరుగు మీదే కింద కూర్చుంది. బయట వాన దంచికొడుతోంది.

సుక్రెని ఉక్రోషంగా ఆమె పక్కనే చతికిలబడింది. తల్లి చటుక్కున లేచి అరుగు మెట్టు మీదకు జరిగింది. సుక్రెని ఆ మెట్టు దిగింది. తల్లి వాకిట్లోకి పోయి బురదలో కూర్చుంది.

"అమ్మా, తడిసిపోతున్నావు, రా!"

"మీరు పైకెళితే వస్తాను."

"ఆ సంబంధానికి మురిసిపోయి నన్ను పంపింది నువ్వే కదమ్మా! ఇప్పుడు నీ పక్కన కూడా చోటు లేదా?"

సుక్రెని బురదలోకి కాలు పెట్టబోయింది. అంతే, తల్లి ఇంకా కిందకు, నేలకు నుదురు ఆనేలా వంగిపోయింది.

సుక్రెని వెనక్కి తిరిగి, ఏడుస్తూ కుర్చీ ఎక్కింది.

అప్పుడుగానీ తల్లి వానలోంచి లోపలికి రాలేదు.