పది నిమిషాల ఆట

తలుపుకు అడ్డంగా నిలబడి, భర్త చేతిలోని గేమింగ్ మేళా పాస్‌ను లాక్కుని పల్లవి రెండు ముక్కలు చేసింది.

"ఈ యేడు పోనియ్యను. ఆదివారం అంగడి మూసి, పిల్లోళ్ల మధ్య లైన్లో నిలబడేదానికి సిగ్గులేదా?"

మునిరాజు బూట్లు వేసుకోవడం ఆపలేదు. "గేటు కాడ ఇంకోటి కొంటాలే."

"నలభై దాటినాయి నీకు! పెండ్లయినప్పటి నుంచి యేటేటా ఇదే. ఏముండాది ఆడ?"

"పది నిమిషాలు ఆడనిస్తారు."

"దానికి వైట్‌ఫీల్డ్ దాకా పోవల్లా? ఇంట్లో ఆడుకుంటే ఎవరొద్దనిరి?"

అతను తలెత్తాడు. "దేంతో ఆడేది? నా గేమ్ మిషన్‌ను మీ తమ్మునికి ఇచ్చి పంపిస్తివి. నన్నొక మాట అడిగినావా?"

పల్లవికి గుర్తొచ్చింది. తొలి ఆషాఢానికి తనను పుట్టింటికి పిలుచుకుపోవడానికి వచ్చిన తమ్ముడు ముచ్చటపడితే, తనే దాన్ని సంచిలో సర్ది ఇచ్చింది. ఆ రోజు మునిరాజు ఏమీ అనలేదు. అతనికి అక్కర్లేదేమో అనుకుంది.

"దానికా ఇన్నేండ్లు..." ఆమె గొంతు తగ్గింది. "కొత్తది కొందాంలే. ఇంట్లోనే ఆడుకో."

"వద్దు."

"ఎందుకొద్దప్పా?"

"ఇంట్లో నువ్వుంటావు," అని, ఆమెను దాటుకుని మెట్లు దిగాడు.