జోడు ఘుగ్రీలు

మా తండాలో పెళ్లయిన ఆడది చెంపల పక్కన జుట్టుకు వెండి మువ్వల ఘుగ్రీలు కట్టుకుంటుంది. మొగుడు పోయిననాడే విప్పుతుంది. నా మనవడు లాలు భార్య సోని వాటిని చేసి ఇంటర్నెట్‌లో అమ్ముతుంది. కొన్నవాళ్లు తాళంచెవులకు తగిలించుకుంటారు. పాపం, వాళ్లకు జుట్టు తక్కువ, తాళాలు ఎక్కువ.

మొన్నామధ్య హైదరాబాద్ నుంచి ఒక పిల్ల తన పెళ్లికని జోడు అడిగింది.

"చూసినవా అవ్వా, ఎక్కడ కట్టాల్నో తెలిసిన మనిషి దొరికింది!" అని మురిసిపోయి సోని మువ్వలు ఎక్కువే గుచ్చింది.

"గట్ల ఊరికే పంచితే యాపారమేంది, సత్రం పెట్టుకో."

"పెళ్లిపిల్ల కదా అవ్వా, సల్లగుండాలె."

నిన్న కారేపల్లి నెట్ సెంటర్లో ఆ పిల్ల పంపిన పెళ్లిఫొటో తెరిచాం. ఘుగ్రీలు ఆమె చెంపలకు చక్కగా అమిరాయి. పక్కన పెళ్లికొడుకు, సెలవు దొరకలేదని తీజ్ పండక్కి కూడా రాని నా మనవడు లాలు.

సోని ఏడవలేదు. ఇంటికొచ్చి తన ఘుగ్రీలు విప్పి, అమ్మే సరుకుకు ఫొటోలు తీసే నల్లగుడ్డ మీద పెట్టింది.

"వాడు బతికే ఉన్నడు కదనే," అన్నాను.

"అవ్, అవ్వా. ఆమెకు ఉన్నడు."