నడిసముద్రంలో నలుపు

"పేపర్ జర్నల్‌కు పంపేశానమ్మా. ఇక హాయిగా నిద్రపో," అని గైడ్ రవికాంత్ సార్ ఫోన్ పెట్టేశాడు.

విద్య క్వార్టర్ గడపలోనే కూలబడింది. ఐదేళ్ల పరిశోధన ఆ ఒక్క పేపర్ మీదే ఆధారపడి ఉంది. ఈ నెలతో ఫెలోషిప్పూ సరి.

నలభై రోజులు ఓడలో వాంతులు చేసుకుంటూ, బంగాళాఖాతం మీది గాలిని రోజుకో తెల్లటి వడపోత బిళ్లలో పట్టింది. వాటి మీద చేరిన రేణువులు ఎంత వెలుతురును మింగుతాయో ల్యాబులో కొలవాలి. ఒడ్డెక్కేసరికి ఒళ్లు కాలిపోతుంటే, బిళ్లల డబ్బాతో సహా గోదావరిఖని వచ్చి పడిపోయింది. జ్వరం తగ్గాకే హైదరాబాద్ ల్యాబుకు వెళ్లగలిగింది. కొలతలు ముగించి మళ్లీ ఇంటికొచ్చింది నిన్ననే.

తల్లి సారలమ్మ డాబా మీది నుంచి ఆరిన బట్టలు తెచ్చి, బొగ్గుదుమ్ము దులుపుతోంది. ఓపెన్‌కాస్టు బొగ్గుగని పక్కన కాపురమంటే ఉతుకుడు ఒకెత్తు, దులుపుడు ఒకెత్తు.

"ఏమన్నడు బిడ్డా మీ సారు?"

"అయిపోయిందే అమ్మా. ఒడ్డుకు వెయ్యి కిలోమీటర్ల అవుతల గూడ గాలిల నల్లమసి ఉన్నదని తేలింది."

"మన బొగ్గు గంత దూరం పోయిందా?" సారలమ్మ చేతిలో చీర ఆగింది. "మీ నాయిన ముప్పై ఏండ్లు తవ్విండు. గా పాపం మనకు తగులుతదా ఏంది?"

విద్యకు నవ్వే ఓపిక కూడా లేదు. "ముందు నేనే నమ్మలే. ఓడల చూస్తే బిళ్లలు తెల్లగనే ఉండె. సార్ మూడుసార్లు కొలిపిచ్చిండు. కండ్లు మోసం చేస్తయట, మిషిన్ చెయ్యదట."

"అయితే డాక్టర్ పట్టా వచ్చినట్టేనా?"

"వచ్చినట్టే. ఒక్క తప్పు దొరికిందనుకో, ఐదేండ్లు గంగల కలిసినట్టే."

"తప్పెట్ల దొరుకుతది? నేను గూడ సాయం జేస్తి గదా!"

"నువ్వేం జేసినవే?"

"నువ్వు జ్వరంల సోయి లేకుండ పడుంటివి. డబ్బా మూత తీస్తే బిళ్లలన్నీ ఒకటే చెమ్మ వాసన." సారలమ్మ మురిసిపోతూ కొంగు సర్దుకుంది.

"రెండు దినాలు డాబా మీద ఆరబెట్టిన."