అవతలి కొండ సంబంధం

“కుదరదమ్మా. ఎన్నిసార్లు అడిగినా కుదరదు,” అంటూ అటవీ అధికారి ఫైలు మూసి ఆమె వైపు తోశాడు.

పరిశోధకురాలు ఫైలు తీసుకోలేదు. ఏడాదిలో ఇది ఐదోసారి. ముందు నాలుగుసార్లూ తీసుకుని మాట్లాడకుండా వెళ్లిపోయింది.

“కొండమీద పంతొమ్మిది అడవిమేకలే మిగిలాయి సార్. అటు ఊరు, ఇటు హైవే. ఇవి బయటికి పోలేవు, బయటివి రాలేవు. తరాలుగా వాటిలో అవే కలుస్తూ అన్నీ ఒక్క ఇంటివైపోయాయి. ఈసారి ఏడు పిల్లలు పుడితే నెల తిరక్కుండా నాలుగు పోయాయి.”

“చదివాను.”

“ఒక్క బయటి సంబంధం చాలు. హైవే అవతలి కొండ నుంచి ఒక పోతును తెచ్చి వదిలితే మంద నిలబడుతుంది.”

“తెచ్చిన పోతు చస్తే? దాని రోగం వీటికి అంటుకుంటే? రేపు ఎవడో కోర్టుకెక్కితే బోనులో నిలబడేది నేను. మూడు కమిటీలు ఒప్పుకోవాలి. ఇంతవరకూ ఒక్కటీ ఒప్పుకోలేదు.”

“అవి ఒప్పుకునేలోపు మంద ఉండదు సార్.”

“టీ తాగుతారా?”

“సంతకం పెడతారా?”

“టీ అయితే ఇప్పించగలను.”

ఆమె లేచింది. “మిగిలిన మూడు పిల్లలకూ పరీక్షలు చేసి నేరుగా పైవాళ్లకే పంపిస్తాను. అవి కూడా ఎందుకు బతకవో అంకెలతో చూపిస్తాను. అప్పుడు మీరే పిలిచి సంతకం పెడతారు.”

అధికారి ఫైలు ఎత్తి ఆమె చేతికిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె కొండెక్కింది. ముందు కాపలాదారు నడుస్తున్నాడు. పాతికేళ్లుగా ఆ కొండను కాస్తున్న మనిషి. ఏ మేకకు ఏది పిన్నో, ఏది మేనత్తో కూడా చెప్పగలడు.

“పిల్లలు ఎక్కడ పడుకుంటాయి బాబాయ్?”

“ఆ బండ కింద. జాగ్రత్తమ్మాయ్, జారుతుంది.”

జారింది. మోకాలు చెక్కుకుపోయింది. దానికి రుమాలు కట్టుకుని, బండ కింద బోర్లా పడుకుని, చిన్న పట్టకారుతో పెంటికలు ఒక్కొక్కటే ఏరి గాజుగొట్టాల్లో వేసింది. మేకల్ని పట్టుకునే పని లేదు. పెంటిక పైపొరకు అంటుకున్న కణాలు చాలు, తల్లెవరో తండ్రెవరో తేలిపోతుంది.

“ఇంత చదువూ చదివింది ఇవి ఏరుకోడానికా?” కాపలాదారు నవ్వాడు.

“ఇవి అబద్ధం చెప్పవు బాబాయ్.”

మూడు పిల్లల్లో ఒకటి వెనక కాళ్లు ఈడ్చుకుంటోంది. మిగతా రెండూ బండ మీంచి బండ మీదికి గంతులేస్తున్నాయి. అయినా ఆమె ఆశ పెట్టుకోలేదు. పోయినేడాది గంతులేసినవి కూడా వానలు మొదలవగానే పోయాయి.

మూడు వారాల తర్వాత, ప్రయోగశాలలో కంప్యూటరు ముందు ఆమె బిగుసుకుపోయింది. కుంటిపిల్ల తండ్రి మందలోని ముసలి పోతే. కానీ గంతులేసే ఆ రెంటికీ మందలో ఏ పోతుతోనూ పొంతన కుదరడం లేదు. గొట్టాలు తారుమారయ్యాయేమోనని మళ్లీ పరీక్షించింది. అప్పటికీ నమ్మలేక మళ్లీ కొండెక్కి, కొత్త పెంటికలు తెచ్చి మూడోసారి చేసింది. అదే జవాబు. లోగడ అవతలి కొండ మీద ఏరిన నమూనాలతో పోల్చి చూసింది. ఆ రెంటి తండ్రి అక్కడి మందలోది.

ఆరు వరసల రోడ్డు. రెండువైపులా మనిషెత్తు కంచె. మేక దానంతటది దాటి వచ్చే ప్రశ్నే లేదు.

ఆమె తిన్నగా కొండ కింది కాపలా గదికి వెళ్లింది. కాపలాదారు తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు.

“బాబాయ్, పోతును ఎవరు తెచ్చారు?”

“ఏ పోతు?”

“ఆ రెండు పిల్లల తండ్రి. అవతలి కొండ అల్లుడు.”

సూది ఆగింది. “నీ గొట్టాలు అది కూడా చెప్పేశాయా?”

“నువ్వేనా తెచ్చింది?”

“ఎనభై కిలోల పోతమ్మా! నా నడుమేమైపోవాలి?”

“మరెవరు? ఎవరినీ పట్టివ్వడానికి రాలేదు నేను. దానికి రోగపరీక్షలు చేశారో లేదో తెలియాలి. చెయ్యకపోతే మంద మొత్తం ప్రమాదంలో ఉన్నట్టే. చెప్పేదాకా ఇక్కణ్ణించి కదలను.”

అన్నట్టే గడపలో కూర్చుంది. మోకాలి గాయం ఇంకా పూర్తిగా మానలేదు. కాపలాదారు లేచి, పెట్టె తెరిచి కొన్ని కాగితాలు ఇచ్చాడు.

“నెల్లాళ్లు విడిగా ఉంచి, పశువుల డాక్టరు చేత రక్తపరీక్షలన్నీ చేయించాకే మందలోకి వదిలాం. అది వెనక వాలులో ఉంటుంది, మనిషి అలికిడైతే చాలు, నిలవదు. చూసుకో.”

ఆమె ప్రతి కాగితమూ చదివింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

“ఇందులో తెచ్చినవాళ్ల పేరు లేదే?”

“నీకు తెలిస్తే నువ్వూ ఇరుక్కుంటావని, చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు.”

“ఇరుక్కుంటే అందరం కలిసే ఇరుక్కుందాం. ఎవరు బాబాయ్?”

కాపలాదారు చెప్పు పక్కన పెట్టాడు.

“ఇంకెవరమ్మా, నీకు కుదరదు కుదరదనే ఆ సారే. నువ్వు మొదటిసారి ఫైలు పట్టుకొచ్చిన వారమే, నన్ను జీపు తోలమని, తను వెనక కూర్చుని, మత్తిచ్చిన పోతు తల ఒళ్లో పెట్టుకుని తెచ్చారు.”