బొత్తాం పెట్టాను

"మీ అమ్మాయి దాచిన డబ్బా అక్కడ లేదమ్మా. డబ్బా సంగతి అలా ఉంచండి, అసలు ఆ గోడే లేదు," అన్నాడు కళ్ళజోళ్ళ షాపాయన, తడి గొడుగు గుమ్మం బయట ఆనించి.

టైలర్ భార్య వంటింటి గట్టు మీది ఫోన్ వైపు చూసింది. అది కూతురిది. కూతురు పోయాక కూడా ఆవిడ దాని ఛార్జింగ్ వైరు ఊడదీయలేదు.

"లేకపోవడమేమిటి బాబూ? మొన్న కూడా ఎవరికో దొరికిందని మెసేజ్ వచ్చిందే."

"అదే కదా మా గొడవ."

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. లోపలి గదిలో టైలర్ కుట్టుమిషన్ తొక్కుతున్నాడు. రెండు గదులకీ మధ్య తలుపు లేదు. పాత దుప్పటి ఒకటి తెరలా వేలాడుతోంది.

ఊళ్ళో ఈ ఆట ఆడేవాళ్ళు ఒక గుంపు. ఒకరు చిన్న డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటును ఫోన్ మ్యాప్‌లో పెడతారు. మిగతావాళ్ళు వెతుక్కుంటూ వెళతారు. దొరికితే అందులోంచి ఒక వస్తువు తీసుకుని, తమది ఒకటి పెట్టి, దొరికిందని రాస్తారు. ఆ మాట దాచినవాళ్ళ ఫోన్‌కి చేరుతుంది. ఏ డబ్బా మ్యాప్‌లో ఉండాలో, ఏది తీసేయాలో చూసేది కళ్ళజోళ్ళ షాపాయనే.

"వంతెన పక్క గోడ ఎండాకాలంలోనే పడగొట్టారట. ఇవాళ పొద్దున నేనే వెళ్ళి చూశాను. ఆ చోటంతా కొత్తగా సిమెంటు పోసేశారు. అయినా ఎవడో కొత్త కొత్త పేర్లు పెట్టుకుని దొరికింది, దొరికింది అని రాస్తూనే ఉన్నాడు. వాడి మాట నమ్మి మా గుంపులోని డ్రైవింగ్ స్కూల్ అమ్మాయి మొన్న వానలో ఆ చుట్టుపక్కల రాళ్ళన్నీ కెలికింది. చెయ్యి తెగి కుట్లు పడ్డాయి."

"అయ్యో, పాపం."

"మా వాళ్ళు మండిపడుతున్నారు. వెతక్కుండా దొరికిందని రాస్తే మా ఆటలో అది దొంగతనం కిందే లెక్క. సాయంత్రానికల్లా ఈ డబ్బాను మ్యాప్‌లోంచి తీసెయ్యమని నా మీద పడ్డారు."

"తీసేస్తే?"

"ఇక మెసేజ్‌లు రావమ్మా. అది మీకు ముందే చెప్పి తీద్దామని వచ్చాను."

ఆవిడ తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. తుడిచిన చేతులనే మళ్ళీ తుడుచుకుంది.

"తీయకండి బాబూ. అది మోగినప్పుడు పిల్ల ఏదో పని మీద బయటికి వెళ్ళినట్టే ఉంటుంది."

"నాకు మాత్రం ఇష్టమా? గుంపులో అందరికన్నా బాగా దాచేది మీ అమ్మాయే. ఎన్నోసార్లు నేనే ఉత్త చేతులతో తిరిగొచ్చాను. చేసిందంతా ఆ దొంగ వెధవ. పేరు మారుస్తాడు గానీ బుద్ధి మార్చడు. అందరూ డబ్బాలో బొమ్మో, కీచెయినో పెడతారా, వీడు మాత్రం ఎప్పుడూ 'ఒక బొత్తాం పెట్టాను' అంటాడు. వాడి చొక్కాకి ఇంకా బొత్తాలు మిగిలి ఉన్నాయా అని మావాళ్ళు ఒకటే నవ్వు."

ఆవిడ నవ్వలేదు. లోపల మిషన్ చప్పుడు ఆగిపోయింది. వాన చూరు మీంచి కారుతున్న చప్పుడే మిగిలింది.

కాసేపటికి గట్టు మీద ఫోన్ మోగింది. ఆవిడ గబగబా వెళ్ళి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏమో. మీరే చదవండి."

ఆయన పైకే చదివాడు. "'డబ్బా దొరికింది. గోడ పడినా డబ్బాకి ఏమీ కాలేదు. సిమెంటుకి ఇవతలే ఉంది. గులాబీ రంగు...'"

చదవడం ఆపేశాడు. సిమెంటు సంగతి ఆయన గుంపులో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే, ఈ గదిలోనే అన్నాడు.

తల తిప్పి తెర సందులోంచి చూశాడు. టైలర్ మిషన్ మీదికి వంగి, కుడుతున్న గుడ్డ కిందికి ఫోన్ తోస్తున్నాడు. మోచేతి పక్కన బొత్తాల డబ్బా మూత తీసి ఉంది.

"'గులాబీ రంగు బొత్తాం పెట్టాను,'" అని మెల్లగా పూర్తి చేశాడు. ఇందాక తను అన్న దొంగ వెధవ అనే మాట ఇప్పుడు తనకే గుచ్చుకుంది.

"ఏం బాబూ, అలా అయిపోయారు?"

"ఏం లేదమ్మా. నేనే పొరబడ్డాను." లోపలికి వినబడేలా గొంతు పెంచాడు. "చూడాల్సిన చోట చూడలేదు. డబ్బా అక్కడే ఉంది. మ్యాప్‌లోంచి తీయను. మావాళ్ళకి నేను చెప్పుకుంటాను."

లోపల మిషన్ మళ్ళీ నడిచింది.

ఆవిడ మెట్ల దాకా వెంట వచ్చింది. ఆయన గొడుగు తెరిచి, కదలకుండా నిలబడ్డాడు. భర్త చేస్తున్నది ఈవిడకు చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకుండా వెళ్ళిపోవడానికి కాళ్ళూ రాలేదు. చివరికి ఒక దారి తోచింది.

"అమ్మా, పాత డబ్బా తుప్పు పట్టి ఉంటుంది. రేపు నేనే ఆ పక్కన కొత్తది పెడతాను, మీ అమ్మాయి పేరు మీదే. మా గుంపంతా వెళుతుంది. ఇక మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది."

ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి మిషన్ చప్పుడు విన్నది. వీధి తలుపు దగ్గరగా లాగి, గొంతు తగ్గించింది.

"వద్దు బాబూ. మీవాళ్ళు నిజంగా రాయడం మొదలుపెడితే ఆయన మానేస్తారు. నా కోసమని ఆ నాలుగు ముక్కలూ రాసిన రోజే ఆయన కంచం ముందు కూర్చుంటున్నారు."