సమాధి మీద తేదీ

పొద్దున్నే గ్యాలరీలోకి మంకీ క్యాప్ పెట్టుకున్న ముసలాయన ఒకడు వచ్చి, నళిని తగిలించిన బొమ్మ ముందు పాతుకుపోయాడు.

పంచె, పైన స్వెట్టరు, కాళ్ళకు టెన్నిస్ బూట్లు. అమెరికాలో ఈ పక్కూరు హెర్న్‌డన్‌లో ఏ కొడుకింటికో వచ్చి పొద్దుపోని బాపతు అని ఒక్క చూపులో తేల్చేసింది నళిని.

1984. ఆమె ఐదేళ్ళ పరిశోధనకు ఆ మధ్యాహ్నమే పరీక్ష. గట్టెక్కితే మ్యూజియంలో ఉద్యోగం. లేదంటే అది వేరొకరికి పోతుంది.

ఆ బొమ్మ ఇంగ్లండులో ఒక చర్చి నేలమీది ఇత్తడి సమాధి ఫలకానిది. ఫలకం మీద కాగితం పరిచి, మైనం రుద్ది తీసిన ముద్ర. ఒక జమీందారు, పక్కన భార్య. భార్య 1450లో పోయిందని కింద చెక్కి ఉంది. కాబట్టి ఆమె వేసుకున్న వదులు చేతుల గౌను 1450 దాకా నడిచిందని నళిని సిద్ధాంతం.

"ఆ గౌను ఆ తేదీకి ముప్ఫయ్యేండ్ల పాతదమ్మా" అన్నాడు ముసలాయన.

భర్త పోయినప్పుడే ఆవిడ తన బొమ్మ కూడా చెక్కించుకుని, తన తేదీకి చోటు ఖాళీగా వదిలిందట. ఆవిడ పోయాక ఎవరో అంకెలు నింపారట.

"అంకెలు చెక్కిన చెయ్యి వేరు. ఇత్తడిని తడిమితే తెలుస్తది."

నళినికి ఒళ్ళు మండింది. పంచె కట్టిన ప్రతివాడూ ఆమెకు పాఠం చెప్పేవాడే.

"మీరేం చదివారు అంకుల్?"

"ఏడో తరగతి."

ఆమె నవ్వు దాచుకోలేదు. క్యాంటీన్ కింద ఉందని, మీవాళ్ళు వెతుక్కుంటారేమోనని దారి చూపించింది. ఆయన సంచిలోంచి ఏదో కాగితం తీయబోతే, ఇక్కడ ఎవరి దగ్గరా ఏమీ తీసుకోం అని చెప్పింది.

ఆయన కాగితం మళ్ళీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పీడ వదిలిందనుకుంది.

మధ్యాహ్నం పరీక్షలో ప్రొఫెసర్ అడిగిన మొదటి ప్రశ్న ఆ అంకెల గురించే. అవి తర్వాత ఎవరో చెక్కినవని ఎప్పుడైనా అనుమానం వచ్చిందా అని.

నళిని సిద్ధాంతమంతా ఆ ఒక్క తేదీ మీదే నిలబడి ఉంది. ఇంకో ఏడాది పనిచేసి మళ్ళీ రమ్మన్నారు. మ్యూజియం వాళ్ళు ఏడాది ఆగరు.

వరండాలో ప్రొఫెసర్ ఆమెను ఆపాడు.

"మల్లయ్యగారు రాలేదా? పరీక్ష పెట్టేవాణ్ణి, నేను చెప్పకూడదు. అందుకే పొద్దున ఆయన్ని నీ దగ్గరికి పంపాను. నీ గోడ మీది ముద్రలన్నీ ఇంగ్లండులో చర్చి నేల మీద మోకాళ్ళూని తీసిన బర్మింగ్‌హాం బస్సు కండక్టరు ఆయనే."